ఆరో ఎలుక

ఆ బుధవారం పొద్దున కూపీగారింట్లో పళ్ళు కోసే చిన్న కత్తి కనిపించలేదు.

“మాత్ర కోసి ఎక్కడ పెట్టారత్తయ్యా?” అని వంటింట్లోంచి అడిగింది కూపీగారి భార్య.

“నీ కత్తి నేను ముట్టుకోలేదమ్మాయ్,” అంది పెద్దావిడ మంచం మీంచి.

“మీరు ముట్టుకోకపోతే దానికి కాళ్ళొచ్చాయా? ఈ ఇంట్లో మాత్రలు సగం చేసేది మీరొక్కరే. కోసుకోండి, వద్దనను. కోశాక కడిగి దాని చోట దాన్ని పెట్టమంటున్నా. మొన్న ఆపిల్ ముక్క చేదుగా ఉందని నా మీదే గయ్యిమన్నారు.”

“ముట్టుకోలేదంటే నమ్మవేం? ఆదివారం నుంచి ఆ కత్తి మొహం చూస్తే ఒట్టు.”

“అయితే నేనే మింగేశాను లెండి.”

పోట్లాట కత్తి గురించే అయినా దాని వేరు మాత్రలో ఉంది. పెద్దావిడకి రెండేళ్ళుగా కీళ్ళ వాపు. డాక్టరు స్టెరాయిడ్ మాత్ర రాశాడు. వాపు తగ్గాక, ఈ మధ్యే మాత్రని సగం చేశాడు. కొన్నాళ్ళకి పావు, ఆ తర్వాత పూర్తిగా మానెయ్యడం. ఒక్కసారిగా మాత్రం మానకూడదని వేలు చూపించి మరీ చెప్పాడు. అంత చిన్న బిళ్ళని సగం కోసుకుని మింగడం పెద్దావిడకి నామోషీగా ఉండేది. “సగం మాత్రేమిటి, నేనేమన్నా సగం మనిషినా?” అనేది. మాత్రల అట్ట తన దిండు కిందే పెట్టుకునేది, ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

కూపీగారు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. చెవి మీద కొత్తగా చెక్కిన పెన్సిలు. అత్తాకోడళ్ళ మధ్య తీర్పు చెప్పి బాగుపడిన మగవాడి గురించి ఆయన ఇంతవరకు ఏ పేపర్లోనూ చదవలేదు. ముందుగదే ఆయన ఆఫీసు. ఆయన అసలు పేరు గుమ్మం మీది బోర్డుకే తెలుసు. పోయిన నగల దగ్గర్నుంచి పారిపోయిన గుమాస్తా దాకా దేని కూపీ అయినా లాగుతారని వీధి వీధంతా ఆయన్ని కూపీగారంటుంది. ఆయనకి సహాయకురాలు సొంత మేనకోడలు. సైన్సులో డిగ్రీ పూర్తిచేసింది. ఉద్యోగం దొరికేదాకా నోటుపుస్తకం పట్టుకుంటానని మావయ్య దగ్గర చేరి, దొరికిన ఉద్యోగాలు రెండు వదులుకుంది.

బెల్లు మోగింది. మేనకోడలు తలుపు తీసింది. పాతికేళ్ళమ్మాయి, జుట్టు సరిగా దువ్వుకోలేదు, సంచీ రెండు చేతులతో గుండెకి హత్తుకుని ఉంది.

“ఎలుకలు చచ్చిపోయాయండీ,” అంది.

“చస్తే మంచిదేగా తల్లీ. మా స్టోరుగదిలో చావకే ఏడుస్తున్నాం,” అంది పెద్దావిడ.

ఆ అమ్మాయి అక్కడే నిలబడి ఏడవడం మొదలుపెట్టింది. కత్తి సంగతి వదిలేసి కూపీగారి భార్య మంచినీళ్ళు తెచ్చింది.

ఆ అమ్మాయి నీళ్ళు తాగి కుర్చీలో కూర్చుంది. కూపీగారు పేపరు మడిచారు. “మొదట్నుంచి చెప్పమ్మా. నువ్వేం చేస్తుంటావు?”

“పరిశోధన సార్. ఒక తీగ ఆకు మీద. లావెక్కినవాళ్ళకి ఒంట్లో లోపల్లోపల వాపు ఉంటుంది. ఈ ఆకు రసం లావునీ వాపునీ రెంటినీ తగ్గిస్తుందేమోనని ఎలుకల మీద చూస్తున్నాం. నాలుగు గుంపులు, గుంపుకి ఆరు. మొదటి గుంపుకి మామూలు తిండి. మిగతా మూడింటికీ కొవ్వు కలిపిన తిండి. రెండో గుంపుకి మందేమీ ఉండదు. మూడోదానికి రోజూ ఆకు రసం. నాలుగోదానికి బజార్లో దొరికే వాపు మందు, పోల్చి చూడ్డానికి.”

“ఏ మందు?”

“స్టెరాయిడ్ సార్. మాత్రలు నీళ్ళలో నూరి సన్న గొట్టంతో గొంతులో పోస్తాం. ఆకు రసం కూడా అంతే.”

“ఫలితం ఎలా వచ్చింది?”

“అద్భుతంగా. అదే నా భయం.” ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. “వాపు మందుతో ఎంత తగ్గిందో ఆకుతోనూ అంతే తగ్గింది. ఎనిమిది వారాలూ గ్రాఫు మీద రెండు గీతలూ కవల పిల్లల్లా పక్కపక్కనే నడిచాయి. ఆకు అలా పనిచెయ్యదు సార్. ఇంకో ల్యాబ్‌లో మళ్ళీ చేయిద్దామని మా గైడు పెద్దసారుని అడిగాను. నమ్మకం లేనిదానివి ఎందుకొచ్చావని కోప్పడ్డారు.”

“తర్వాత?”

“మా అమ్మకి ఒంట్లో బాగాలేదని శుక్రవారం ఊరెళ్ళాను. సోమవారం పొద్దున వచ్చేసరికి మూడో గుంపులో అయిదు చచ్చిపడున్నాయి. ఆరోది కొన ఊపిరితో ఉంది. మిగతా గుంపులకి ఏమీ కాలేదు. మళ్ళీ మొదట్నుంచి చెయ్యాల్సి రావాలని నేనే ఊరెళ్ళే ముందు ఏదో పెట్టానంటున్నారు పెద్దసారు. ఎల్లుండి శుక్రవారం మధ్యాహ్నం విచారణ కమిటీ. నన్ను తీసేస్తే నాలుగేళ్ళ పని పోతుంది. ఎలుకల్ని చంపినదాన్ని ఇంకే ల్యాబూ గుమ్మం ఎక్కనివ్వదు.”

“ఆకు సంగతేం చేస్తారట? చావులయ్యాయి కదా.”

“ఆపరట సార్. తప్పు నాదే కాని ఆకుది కాదంటున్నారు. సోమవారం నుంచి కంపెనీవాళ్ళు మనుషులకి సిరప్ ఇస్తారు. కీళ్ళనొప్పులున్న అరవైమంది పేర్లు ఇచ్చారు.”

మంచం మీద పెద్దావిడ అటు తిరిగి పడుకుని దిండు సర్దుకుంది.

*

పరిశోధనాలయం వెనకవైపు ఉంది ఎలుకల గది. లోపల చల్లగా, తడిసిన చెక్కపొట్టు వాసన. ఇనప స్టాండ్ల మీద వరసగా ప్లాస్టిక్ పెట్టెలు, ప్రతి పెట్టెకీ ఒక కార్డు, ఒక నీళ్ళసీసా. తెల్లని ఎలుకలు, తోకల మీద నల్లసిరా గీతలు. ఒకటో ఎలుకకి ఒక గీత, ఆరోదానికి ఆరు. మూడో వరసలో అయిదు పెట్టెలు కడిగి బోర్లించి ఉన్నాయి.

ఎలుకల బాగోగులు చూసే ముసలాయన్ని అందరూ ఎలుకల తాత అంటారు. కూపీగారు ఆయన్ని పక్కకి పిలిచారు.

“ఈ నాలుగు రోజుల్లో వీటికి కొత్త తిండేమన్నా పెట్టారా తాతా?”

“అదే బస్తా బాబూ. నా చేత్తో పెట్టిందే. ఆదివారం సాయంత్రం అన్నిటికీ తిండి తీసేశాం. సోమవారం పొద్దున తోక నుంచి రక్తం తీస్తారు, నెలకోసారి ఉండేదే. మిగతావి ఓర్చుకున్నాయి. ఇవి అప్పటికే వాలిపోయి ఉన్నాయి, ఆ పస్తుతో ప్రాణాలొదిలేశాయి.”

“అంతకుముందు బాగానే ఉండేవా?”

తాత గొంతు తగ్గించాడు. “సన్నబడ్డాయని అందరూ సంబరపడ్డారు. ముప్ఫయ్యేళ్ళుగా ఎలుకల్ని పడుతున్న చెయ్యి నాది. కొవ్వు కరిగితే పొట్ట తగ్గాలి. వీటికి వీపు కండ పోయింది, ఎముక వేలికి తగిలేది. కళ్ళకి గంతలు కట్టి మూడో గుంపులోదొకటీ నాలుగో గుంపులోదొకటీ చేతికిస్తే, ఏది ఏదో చెప్పలేను.”

“ఎవరికైనా చెప్పారా?”

“పెంట ఎత్తేవాడి మాట ఎవరిక్కావాలి బాబూ.”

మేనకోడలు ఆ మాటలు పొల్లుపోకుండా రాసుకుంది.

సోమవారం నుంచి మందేమీ పొయ్యని ఆరో ఎలుక పెట్టెలో ఓ మూల ముడుచుకుని ఉంది. బొచ్చు రేగిపోయింది. తిండి ముక్క మూతి ముందు పెట్టినా తల ఎత్తలేదు. తాత వెల్లకిలా తిప్పితే బోర్లా తిరగడానికి రెండుసార్లు ప్రయత్నించి, అలాగే ఉండిపోయింది.

శుక్ర, శని, ఆదివారాలు మందు పోసినవాడు ల్యాబ్ సహాయకుడు. ఆకు పొడి మరిగించి రసం తీసేది అతనే కాబట్టి అతన్ని కషాయం అంటారు. కూపీగార్ని చూడగానే చేతులు బల్ల కిందకి పోనిచ్చాడు.

“మూడు రోజులూ పోశారా?”

“పోశాను సార్. పొద్దున తొమ్మిదింటికి. ఒక్కరోజు కూడా తప్పలేదు.”

“రెండు మందులూ?”

“రెండూ సార్.”

“ఆకు రసం ఎక్కడిది?”

“ఎక్కడిదేమిటి సార్. ఎప్పటిలాగే.” అతను కిటికీ వైపు చూశాడు. “నేనేం తప్పు చెయ్యలేదు సార్. వాటికి ఒక్కరోజు కూడా తప్పకూడదని…” అని ఆగిపోయాడు.

బయటికొచ్చాక మేనకోడలు గుసగుసగా అంది. “మావయ్యా, అతని గోళ్ళ సందుల్లో పచ్చగా ఉంది. ఎండుటాకు పొడైతే మట్టిరంగులో ఉండాలి కదా.”

“శభాష్. ఆ కిటికీ కింద చూడు.”

కిటికీ కింద కుండీల్లో తీగ పాకి ఉంది. పైన దట్టంగా ఆకులు, కింది జానెడు మేర బోడిగా ఉంది. కత్తిరించిన చోట్లు ఇంకా ఎండలేదు.

పెద్దసారు గది విశాలంగా, శుభ్రంగా ఉంది. బల్ల మీద మందులు నూరే నల్లరాతి కల్వం ఒకటి దేవుడి విగ్రహంలా వెలిగిపోతోంది. ఆయన మర్యాదగా లేచి నిలబడ్డారు.

“ఇరవయ్యేళ్ళ కిందట ఈ ఆకు గురించి మొదట రాసింది నేనే. అందరూ నవ్వారు. ఇప్పుడు కంపెనీ ఎండుటాకు బస్తాల్లో పంపుతోంది. నూరడం, జల్లించడం, డబ్బాకెత్తడం అన్నీ నా చేత్తోనే. మూతకి టేపు వేసి, టేపు మీద సంతకం పెడతాను. అల్మారా తాళంచెవి నా జేబులో ఉంటుంది. కషాయానికి వారానికో డబ్బా ఇస్తాను.”

“గురువారం సాయంత్రం నుంచి మీరు ఊళ్ళో లేరట?”

“కంపెనీ సమావేశం. ఆదివారం దాకా అక్కడే. తాళంచెవి కూడా నాతోనే వచ్చింది. కాబట్టి నన్ను అనుమానించే శ్రమ మీకు తప్పింది,” అని నవ్వారు. “ఆ అమ్మాయి తెలివైనదే. తెలివికి ఓర్పు తోడవ్వాలి కదా.”

కూపీగారు మళ్ళీ ఎలుకల గదికి వచ్చి ఆరో ఎలుక ముందు నిలబడ్డారు. అంతలో ఫోను మోగింది. భార్య.

“ఏమండీ, అత్తయ్య లేవలేకపోతున్నారు. కూర్చోబెడితే కళ్ళు తిరుగుతున్నాయంటున్నారు. ఒకసారి వాంతయింది. పొద్దున్నించి మెతుకు ముట్టలేదు. నేనే ఆ కత్తి కోసం అంత గట్టిగా మాట్లాడకపోవాల్సింది.”

కూపీగారు ఫోను చెవి దగ్గరే ఉంచుకున్నారు. మూతి ముందున్న తిండి ముట్టకుండా ముడుచుకున్న ఎలుకనే చూస్తున్నారు. ఆయన మొహంలో రంగు పోవడం మేనకోడలు అంతకుముందెప్పుడూ చూడలేదు.

“అమ్మ దిండు కింద మాత్రల అట్ట ఉంటుంది. అందులో సగం బిళ్ళ ఏమన్నా ఉందేమో చూడు.”

కాసేపటికి భార్య మళ్ళీ లైన్లోకి వచ్చింది. “సగమేం లేదండీ. అన్నీ గుండ్రంగా, నిండుగానే ఉన్నాయి.”

“ఆదివారం నుంచి కత్తి ముట్టుకోలేదని పొద్దున అమ్మ చెప్పింది. నిజమే చెప్పింది. కత్తి ముట్టుకోకుండా సగం మాత్ర ఎలా వేసుకుంటుంది? డాక్టర్ని పిలు. మొదటి మాటే ఇది చెప్పు, స్టెరాయిడ్ ఒక్కసారిగా మానేసి నాలుగు రోజులైందని.”

ఫోను జేబులో పెట్టుకుని పరిశోధక విద్యార్థిని వైపు తిరిగారు. “నాలుగో గుంపుకి పోసే మందు ఈ ఎలుకకి పొయ్యమ్మా. ఇప్పుడే. తాత సాక్షిగా, టైము రాసి.”

“స్టెరాయిడా? ఇది ఆకు గుంపులోది సార్. పరిశోధన చెడిపోతుంది.”

“అది ఎప్పుడో చెడిపోయిందమ్మా,” అని ఆయన గబగబా మెట్లు దిగారు.

*

ఇంటికి చేరేసరికి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ పెట్టాడు. ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ణన్నాడు. సాయంత్రానికి పెద్దావిడ కళ్ళు తెరిచి, కాఫీ అడిగింది. కోడలు ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని అరికాళ్ళు రాస్తూ ఉంది.

దిండు కింద మాత్రల అట్టతో పాటు నాలుగు మడతలు పెట్టిన కాయితం దొరికింది. ఆకు సిరప్ కోసం పేరిచ్చినవాళ్ళకి పంచిన దరఖాస్తు. అడుగున ఒక షరతు: పాత మాత్రలన్నీ వారం ముందే పూర్తిగా మానెయ్యాలి. కింద పెద్దసారు సంతకం.

“పక్కింటావిడ ఇచ్చింది,” అంది పెద్దావిడ నీరసంగా. “సిరప్పుకి సగాలూ పావులూ ఉండవంది. గుక్కెడు తాగితే చాలంది.”

“అమ్మా, నువ్వు…” అని కూపీగారు ఆగిపోయి, బయటి గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. మేనకోడలు నోటుపుస్తకం తెరిచింది.

“మావయ్యా, ఎలుకలు కూడా ఇలాగేనా?”

“ఎలా చచ్చాయో అమ్మ మంచాన పడి చూపించింది. ఎవరివల్ల చచ్చాయో తేలాలి. ఈ కాయితం ఇంకా యాభై తొమ్మిది ఇళ్ళలో ఉంది, అది మరిచిపోకు.”

గురువారం పొద్దున ఇద్దరూ కంపెనీ మేనేజరు దగ్గరికెళ్ళారు. లావుపాటి మనిషి, మాటకి ముందు చెమట. అరవైమంది పేర్లూ ఇమ్మంటే పెద్దసారు ఒప్పుకోందే ఇవ్వలేనన్నాడు. ఆయన బల్ల మీద పెద్దసారు సంతకంతో రెండు డబ్బాలున్నాయి.

“చూపించడానికండీ. పెద్దసారు తన చేత్తో నూరిన పొడి. మా సిరప్పుకి మాత్రం బస్తాల్లో ఎండుటాకే తిన్నగా మరిగిస్తాం.”

“ఒక డబ్బా, మీ బస్తాలో ఆకు ఒక గుప్పెడు పరీక్షకి పంపుదాం. డబ్బా మీరే పట్టుకుని రండి. మూత మీరే తియ్యండి.”

“మా ఆకులో మచ్చ లేదండీ.”

“అది తేలితే మీకే మంచిది కదా.”

మేనేజరు నుదురు తుడుచుకుని డబ్బా అందుకున్నాడు. పరీక్షా కేంద్రంలో టేపు తనే చించాడు. రిపోర్టు మర్నాడు వస్తుందన్నారు. ఆ సాయంత్రం ఎలుకల గది నుంచి ఫోనొచ్చింది. “సార్, ఆరోది లేచింది. తాత చేతిలోంచి ముక్క లాక్కుని తింది.” ఆ అమ్మాయి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం కమిటీ గదిలో ఏడుగురు కూర్చున్నారు. అధ్యక్షురాలు నెరిసిన జుట్టావిడ, మాట కరుకు. ఒక పక్క పెద్దసారు, మేనేజరు. ఇంకో పక్క కషాయం, తాత, పరిశోధక విద్యార్థిని. మేనకోడలు గోడ పక్కన నోటుపుస్తకంతో. తాత తన ముందు ఒక పెట్టె పెట్టుకున్నాడు. అందులో ఆరో ఎలుక మీసాలు కదుపుతూ తిరుగుతోంది.

“పావుగంట ఇస్తాను,” అంది అధ్యక్షురాలు.

“చాలండీ,” అని లేచారు కూపీగారు. “ముందు పెద్దసారుని ఒక చిన్న సంగతి అడుగుతాను. మేనేజరుగారి దగ్గరున్న ఈ డబ్బా మీదేనా?”

పెద్దసారు డబ్బా తిప్పి చూశారు. “నాదే. టేపు చెక్కుచెదరలేదు, సంతకం నాదే.”

“అంటే మీరు మూసిన తర్వాత దీన్లో ఇంకెవరైనా ఏదైనా కలిపే వీలు?”

“నేను మూసిన డబ్బాలో చీమ కూడా దూరదు.”

“రాసుకోమ్మా,” అని మేనకోడలికి చెప్పి, కషాయం వైపు తిరిగారు. “బాబూ, నీ గోళ్ళ పచ్చదనం సంగతి నువ్వే చెప్పు. నీ ఉద్యోగానికేం కాదు.”

కషాయం తల వంచుకున్నాడు. “గురువారంతో డబ్బా అడుగంటింది సార్. ఎప్పుడూ శుక్రవారం పొద్దున కొత్తది ఇస్తారు. ఈసారి ఇవ్వకుండానే ఊరెళ్ళారు, అల్మారాకి తాళం ఉంది. ఒక్కరోజు రసం ఆగినా ఎనిమిది వారాల పని వృథా. కుండీల్లో ఉన్నది అదే తీగ, అదే ఆకు. కోసి, ఓవెన్‌లో ఆరబెట్టి, మరిగించి పోశాను. సోమవారం వాటిని చూసి నా ఆకే చంపిందనుకున్నాను. ఈ అమ్మాయిని అంటుంటే నోరు విప్పలేకపోయాను.” అతను ఆ అమ్మాయి వైపు చూడలేకపోయాడు. “క్షమించమ్మా.”

“నీ ఆకు ఎవరినీ చంపలేదు,” అన్నారు కూపీగారు. “ఆ మూడు రోజులూ వాటికి దొరికింది ఒట్టి ఆకు రసం. అప్పటిదాకా దొరికింది ఆకు మాత్రమే కాదు. అందుకే చచ్చాయి. ఏదో పెట్టినందుకు కాదు, పెడుతున్నది ఆగినందుకు.”

అధ్యక్షురాలు ముందుకి వంగింది. “వివరంగా చెప్పండి.”

“స్టెరాయిడ్ రోజూ వారాల తరబడి లోపలికి పోతుంటే, అలాంటి పదార్థాన్ని తయారుచేసుకునే పని ఒళ్ళు మానేస్తుంది. ఒక్కసారిగా ఆపేస్తే ఒంట్లోనూ ఉండదు, బయట్నుంచీ రాదు. ఆ పైన ఒక పూట పస్తు చాలు. నాలుగో గుంపుకీ అదే పస్తు, అదే రక్తం తియ్యడం. కాని దాని మందు ఒక్కరోజూ ఆగలేదు కాబట్టి అది బతికింది. మూడో గుంపు సన్నబడింది కొవ్వు కరిగి కాదు, కండ కరిగి. కళ్ళకి గంతలు కట్టినా రెండు గుంపులకీ తేడా తెలియదని తాత చేతులు ఎప్పుడో కనిపెట్టాయి. కొన ఊపిరితో ఉన్న దీనికి నాలుగో గుంపు మందు పోయించాం. చూడండి.”

అందరూ పెట్టె వైపు చూశారు. ఎలుక రెండు కాళ్ళ మీద లేచి మూత వాసన చూసింది.

“ఇక కలిపిందెవరు? మందు పోసిన అమ్మాయి కాదు. ఆ అమ్మాయి కలిపి ఉంటే, ఫలితం మీద అనుమానం వచ్చి ఇంకో ల్యాబ్‌కి పంపమని తనే ఎందుకు పోరుతుంది? కషాయం కాదు. కలిపేది అతనే అయితే సొంత ఆకులోనూ కలిపేవాడు, ఎలుకలు బతికేవి. మిగిలింది బస్తా, డబ్బా.” ఆయన జేబులోంచి రిపోర్టు తీశారు. “దీని జోడు డబ్బాని నిన్న మేనేజరుగారు తన చేత్తో మూత తీసి పరీక్షకిచ్చారు. బస్తాలో ఆకు స్వచ్ఛం. డబ్బాలోని పొడిలో స్టెరాయిడ్ ఉంది. బస్తాకీ డబ్బాకీ మధ్య ఒకే ఒక్క కల్వం ఉంది. ఇంకో చెయ్యి పడనివ్వనని మొన్న చెప్పారు. చీమ కూడా దూరదని ఇప్పుడు చెప్పారు.”

పెద్దసారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఆకు పనిచేస్తుంది. నాకు తెలుసు. ఆలస్యంగా పనిచేస్తుంది, అంతే. ఇరవయ్యేళ్ళు నవ్వించుకున్నాను. అది పుంజుకునేదాకా కాస్త ఊతం ఇద్దామనుకున్నాను. మొదట చిటికెడు. తర్వాత ఆపడానికి ధైర్యం చాల్లేదు.”

“సోమవారం రాగానే ఎలుకలు ఎందుకు చచ్చాయో మీకు అర్థమైంది,” అన్నారు కూపీగారు. ఆయన గొంతు మొదటిసారి గట్టిపడింది. “అయినా నేరం ఈ పిల్ల మీదకి తోశారు. అక్కడితో ఆగినా వేరు. పాత మాత్రలు పూర్తిగా మానమని అరవైమందికి మీ సంతకంతో కాయితం వెళ్ళింది. ఎలుకల గతి చూశాక కూడా దాన్ని వెనక్కి పిలవలేదు. ఆ అరవైమందిలో మా అమ్మ ఒకతె.”

మేనేజరు అప్పటికే ఫోను తీసి పేర్ల జాబితా కోసం వెతుకుతున్నాడు.

“విచారణ సంగతి తర్వాత,” అంది అధ్యక్షురాలు లేస్తూ. “ముందు ఆ అరవై ఇళ్ళకీ ఫోన్లు చెయ్యండి. అందరూ చెయ్యండి.”

కషాయం, ఆ అమ్మాయి, మేనకోడలు, చివరికి అధ్యక్షురాలు కూడా జాబితా పంచుకుని కూర్చున్నారు. ఇంకా తొమ్మిదిమంది మాత్రలు మానేసి ఉన్నారు. ఒకరు రెండు రోజులుగా మంచం దిగలేదు. పొద్దుగుంకే లోపు తొమ్మిదిమందినీ డాక్టర్ల దగ్గరికి చేర్చారు. ఆఖరి ఫోను పెట్టేశాక మేనకోడలు చూస్తే, తన చేతిలో పెన్సిలు రెండు ముక్కలై ఉంది.

*

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పరిశోధక విద్యార్థినిని కూడా పిలిచారు. పెద్దావిడ మంచం దిగి, అందరితో పాటు బల్ల దగ్గర కూర్చుంది. ఆ అమ్మాయికి అప్పటికే ఎలుకలమ్మాయి అని పేరు పెట్టేసింది.

“కమిటీ ఏమందమ్మా?” అని అడిగింది కూపీగారి భార్య వడ్డిస్తూ.

“అధ్యక్షురాలే నా పని చూస్తానన్నారండీ. ఒట్టి ఆకుతో మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడుతున్నాం. తాత చేత్తో పట్టి చూసి చెప్పేది కూడా ఈసారి రోజూ రాసుకుంటాం.”

“ఆకు పనిచెయ్యదని తేలితే?” అంది మేనకోడలు.

“పనిచెయ్యదని రాస్తాను. అది కూడా తెలియాలి కదా.”

ఇంతలో పండు కోద్దామని లేచిన కూపీగారి భార్య ముందుగదిలోంచి చిన్న కత్తి పట్టుకొచ్చింది. “ఇదిగో. మీ బల్ల సొరుగులో. దీని మొన నిండా పెన్సిలు పొట్టు. కూపీలు లాగేవారింట్లో ఐదు రోజులు వెతికాం.”

కూపీగారు కంచంలోంచి తల ఎత్తలేదు. “మంగళవారం చెక్కినట్టున్నాను,” అన్నారు.

“నేను ముట్టుకోలేదంటే విన్నావా?” అంది పెద్దావిడ కోడలితో.

“వినలేదత్తయ్యా. విని ఉంటే బాగుండేది. ముట్టుకోలేదంటే మాత్ర వేసుకోలేదని నాకే తట్టాల్సింది.”

పెద్దావిడ ఎలుకలమ్మాయి వైపు తిరిగింది. “ఆ ఆరోది ఎలా ఉంది?”

“బాగుందండీ. పశువుల డాక్టరుగార్ని అడిగి నిన్నట్నుంచి మందు సగం చేశాం. కొన్నాళ్ళయ్యాక పావు.”

“ఎలుకక్కూడా సగమేనా?”

“ఒక్కసారిగా మానకూడదు కదండీ.”

పెద్దావిడ కాసేపు మెతుకులు కెలికింది. తర్వాత నడుముకి దోపుకున్న మాత్రల అట్ట తీసి కోడలి కంచం పక్కన పెట్టింది.

“అందరూ వినండి. ఇవాళ్టి నుంచి నా మాత్ర నేను కోసుకోను. కోడలే కొయ్యాలి, కోడలే ఇవ్వాలి. ఏ కత్తితో కోస్తే నాకెందుకు. ఆ ఎలుకకి సగం ఉన్నన్నాళ్ళు నాకూ సగమే. దానికి పావొచ్చిన రోజు మాత్రం నాకు చెప్పండి.”

కూపీగారి భార్య అట్టని చేతిలోకి తీసుకుని, నిండుగా ఉన్న బిళ్ళల్ని వేలితో ఒక్కొక్కటే తడిమి చూసింది.

“అలాగే అత్తయ్యా,” అంది. “ముందు ఈ పెన్సిలు పొట్టు కడిగొస్తాను.”